చివరి ఖాళీ

"రెండూ ఒకటే కదా పాపా" అనింది మా అమ్మ.

మిద్దె మీద సాయంత్రం గాలికి కూర్చున్నాం. మా మేనకోడలి ఒళ్లో ల్యాప్‌టాప్, తెర మీద రెండు వరుసలు. పై వరుస ఎర్రగా, దాని ముందు తీసివేత గుర్తు. కింది వరుస పచ్చగా, దాని ముందు కూడిక గుర్తు. అమ్మకు ఇంగ్లీషు రాదు. రాకపోయినా రెండు రూపాలను పక్కపక్కన పెట్టి తేడా పట్టగల కళ్లు ఆమెవి. విత్తనానికి ఉంచిన శనక్కాయ గింజల్లో పుచ్చుగింజలను జీవితమంతా ఏరిన కళ్లు. ఆ కళ్లకు ఏ తేడా దొరకలేదు.

"ఒకటే అవ్వా. పై వరుస చివర ఒక ఖాళీ ఉండాది. కింది వరుసలో దాన్ని తీసేసినా."

"ఖాళీ అంటే ఏమీ లేనిదే కదా. లేనిదాన్ని ఎట్లా తీసేస్తివే?"

పాప నవ్వింది. నాకు మాత్రం ఆ రాత్రి ఆ ప్రశ్నే కప్పుకుని పడుకున్నట్టయింది.

పాప చేస్తున్న పని ఏమిటో ముందు చెప్పాలి. హిందూపురం వైపు ఇంజినీరింగ్ చదివింది. బెంగళూరులో ఉద్యోగం వెతుక్కుంటూ, నడుమ కొన్ని నెలలు గోరంట్లలో మాతో ఉంది. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని నలుగురికీ చెప్పాడు. అదే లినక్స్. దాని గుండెకాయ లాంటి కెర్నెల్ ఇవాళ మూడు కోట్ల వరుసలు దాటింది. మా ఊరి బస్టాండులో ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకున్న ప్రతి చేతిలోనూ అది ఉంది. దానికి ఎవరైనా ఒక మార్పు రాసి పంపవచ్చు. ఆ మార్పును ప్యాచ్ అంటారు, చినిగిన గోనెసంచికి వేసే మాసిక లాంటిది. కెర్నెల్లో స్టేజింగ్ అని ఒక విభాగం ఉంది. 2008లో మొదలుపెట్టారు, గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ చూసుకుంటారు. పరికరాలను నడిపే డ్రైవర్లలో ఇంకా పదును తేలనివాటిని అక్కడ ఉంచుతారు. కొత్తగా వచ్చినవాళ్లు చెయ్యి తిప్పుకోవడానికీ అదే చోటు. చెక్‌ప్యాచ్ అనే చిన్న ప్రోగ్రామును ఆ కోడ్ మీద నడిపితే రాతతీరులో తప్పులన్నీ వరసపెట్టి చూపిస్తుంది. వరుస చివర మిగిలిపోయిన ఖాళీలు, ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేసులు, బ్రాకెట్టు ఉండకూడని చోట బ్రాకెట్టు. వాటిని సరిచేసి పంపితే అది మొదటి ప్యాచ్ అవుతుంది. పాప ఎంచుకున్నది చిన్న చిన్న ఎల్‌సీడీ తెరలను నడిపే ఒక డ్రైవర్.

యంత్రానికి ఇవేవీ పట్టవు. సి భాషలో రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఈ ఖాళీలను చూసీ చూడనట్టు దాటిపోతుంది. ఖాళీ ఉన్నా లేకపోయినా తయారయ్యే ప్రోగ్రాము అదే. ఆ లెక్కన అమ్మ చెప్పింది అక్షరాలా నిజం, రెండూ ఒకటే. మరి ఈ శుభ్రం ఎవరి కోసం?

చదివే మనిషి కోసం. ఇది చిన్న సంగతి కాదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ తన ఫోన్లలో ఒక లోపాన్ని హడావుడిగా సరిచేసింది. సురక్షితమైన కనెక్షన్ కోసం అవతలివాళ్ల సంతకాన్ని సరిచూసే కోడ్‌లో, విఫలమైతే బయటికి వెళ్లిపొమ్మని చెప్పే ఒక వరుస పొరపాటున రెండుసార్లు పడింది. మొదటి వరుస ఒక షరతుకు లోబడి ఉంది. రెండోది ఏ షరతుకూ లోబడలేదు. కానీ రెండింటినీ లోపలికి ఒకే దూరం జరిపి రాశారు కాబట్టి, చూసేవాళ్లకు రెండూ షరతు కిందే ఉన్నట్టు కనబడ్డాయి. కంటికి ఒకలా, యంత్రానికి ఒకలా. సంతకం సరిచూసే పని జరగకుండానే సరిపోయిందన్న జవాబు వచ్చేది. వరుసకు ముందున్న ఖాళీ అబద్ధం చెప్పింది, మనుషులు నమ్మారు. రాతతీరు అలంకారమని నేను అనుకునేవాణ్ని. ఆ ఉదంతం తెలిశాక అనలేకపోతున్నాను.

అయినా పాప పనిమీద నాకొక అనుమానం ఉండేది. అక్షరం తీరు దిద్దడానికి అర్థం తెలియనక్కర్లేదు. అర్థం తెలియకుండా చేసే మేలు మేలేనా?

నాకు మా చేను గుర్తుకొస్తుంది. మాది ఎర్రనేల, రాతినేల. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన, అదీ చెప్పిన వేళకు రాదు. విత్తే ముందు చేలో రాళ్లు ఏరడం మా పిల్లకాయల పని. ఎంత ఏరినా మళ్లీ మడక పెడితే కొత్త రాళ్లు పైకి తేలేవి. మొదటిరోజు నేను కంటపడిన రాయినల్లా గంపకెత్తి గెనిమ మీద పోస్తున్నాను. అంతా నున్నగా చేసి మా నాయన దగ్గర మెప్పు పొందాలని నా ఆశ. ఆయన వచ్చి గంప దించమన్నాడు. "మడకకు తగిలేవి ఏరు చాలు. ఈ చిన్న గులకరాళ్లను తీయొద్దు, ఇవి నేల పదును ఆరిపోకుండా కాస్తాయి" అన్నాడు. నా కంటికి రెండూ రాళ్లే. ఏ రాయి చేనుకు అడ్డమో, ఏ రాయి చేనుకు గొడుగో తెలియాలంటే ఆ చేలో కొన్ని వానలు చూసి ఉండాలి. నాకు అప్పటికి ఏడేళ్లు.

పాప మొదటి ప్యాచ్ తిరిగొచ్చింది. అందులో రెండు రకాల మార్పులు కలిపి పెట్టింది. ఒకటి ఖాళీల సంగతి. రెండోది చెక్‌ప్యాచ్ చెప్పిన ఇంకో సలహా: కోడ్ కాసేపు ఆగాల్సిన ఒకచోట, యుడిలే అనే ఆజ్ఞకు బదులు యుస్లీప్-రేంజ్ వాడితే మేలని. మొదటి ఆజ్ఞ యంత్రాన్ని నిలబెట్టి ఉంచుతుంది. రెండోది కునుకు తీసి రమ్మంటుంది. కునుకు తీస్తే ఆ కాసేపట్లో ప్రాసెసర్ వేరే పని చూసుకోవచ్చు, అందుకే మేలు. కానీ కెర్నెల్లో కునుకు తీయకూడని వేళలు ఉన్నాయి. గేటు దగ్గర తాళం చేతిలో పట్టుకున్న కాపలావాడు ఆ క్షణంలో పడుకుంటే ఇల్లంతా స్తంభించినట్టు, కొన్ని చోట్ల ఆ మార్పు మొత్తం యంత్రాన్నే బిగుసుకుపోయేలా చేస్తుంది. చెక్‌ప్యాచ్ అక్షరాలు చూస్తుంది, వేళ చూడలేదు. కెర్నెల్ పత్రాలు కూడా ఆ మాట దాచుకోవు. ఈ సాధనం దారి చూపేదే గానీ మనిషి వివేకానికి బదులు కాదనీ, నియమం తప్పిన కోడే చదవడానికి బాగుంటే అలాగే వదిలేయమనీ రాసిపెట్టారు.

జవాబులో ఉన్నవి రెండే ప్రశ్నలు. ఈ పరికరం నీ దగ్గర ఉందా? దీని మీద నడిపి చూశావా?

లేదు. పాప ఆ తెరను కంటితో చూడలేదు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. "మామా, తప్పు పట్టినందుకు కాదు, నేను చదవకుండా పంపినా. అది వాళ్లకు తెలిసిపోయింది. అదీ నా బాధ" అంది. ఇరవైరెండేళ్ల పిల్ల నోట ఆ మాట వినడం నాకు ఆనందమే కలిగించింది, అప్పుడు పైకి చెప్పలేదుగానీ.

ఇక్కడ కాటారుపల్లిని తలుచుకోకుండా ఉండలేను. కదిరి దగ్గర వేమన సమాధి ఉన్నదని మా సీమవాళ్లం చెప్పుకునే ఊరు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను సేకరించి, పండితులను కూర్చోబెట్టి పోల్చి చూసి, 1829లో 693 పద్యాలతో అచ్చు వేయించాడు. 1839లో రెండో కూర్పు తెచ్చాడు, అందులో పద్యాలు వెయ్యి దాటాయి. తాళపత్రాల్లో ఒకే పద్యం ఒక్కో ప్రతిలో ఒక్కో తీరుగా ఉండేది. ఏది లేఖకుడి చేతిదోషం, ఏది వేమన నోటి మాట? గణం తప్పిన చోట దిద్దాలా, తప్పినట్టే ఉంచాలా? మొరటుగా ఉన్న మాట మొరటుగానే పలికాడా, రాసినవాడి వల్ల అలా అయిందా? పరికరం నీ దగ్గర ఉందా అన్న ప్రశ్నే ఇది. వేమన వాళ్ల దగ్గర లేడు. పక్కపక్కన పెట్టిన ప్రతులూ, వాటిని చదివిన ఓపికా మాత్రమే ఉన్నాయి. దిద్దుబాటు ఎప్పుడూ ఒక చదువుతోనే మొదలవుతుంది, ఆ చదువు ఎంత లోతుగా సాగిందో దిద్దిన అక్షరం మాత్రం చెప్పదు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, చదివి తీసిన ఖాళీ, చదవకుండా తీసిన ఖాళీ.

ఖాళీ అంటే ఏమీ లేనిదే కదా అని అమ్మ అన్నది. తెలుగువాళ్లం మాత్రం ఆ మాట అనడానికి ఒక క్షణం ఆగాలి. సాఫ్ట్‌వేర్ అనే మాటను కంప్యూటర్లో రాసినప్పుడు 'ట్' పొల్లుకూ 'వే'కూ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం కూర్చుని ఉంటుంది. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. అది లేకపోతే మాట సాఫ్ట్వేర్ అయిపోయి, వకారం టకారం కింద ఒత్తుగా వేలాడుతుంది. మన భాష తెలియని శుభ్రం చేసేవాడు ఎవరైనా ఒక ఫైలులో కనబడని అక్షరాలన్నీ చెత్త అనుకుని ఊడ్చేస్తే మన మాటల కీళ్లు ఊడిపోతాయి. అదే కనబడని అక్షరం 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి ఇంకోలా కనబడింది. జకారం, పొల్లు, ఞకారం, ఆ కనబడని అక్షరం, దీర్ఘం, ఈ ఐదూ వరసగా వస్తే, అంటే చూపుకు మన 'జ్ఞా', ఐఫోన్లు దాన్ని గీయలేక కుప్పకూలాయి. కొద్దిరోజుల్లో కంపెనీ మరమ్మతు విడుదల చేసింది. జ్ఞానంలోని మొదటి అక్షరం ముందు అంత బలమైన యంత్రం నిలవలేకపోవడం చూసి మనవాళ్లు కొందరు గర్వపడ్డారు. నాకు గర్వం కలగలేదు. తెలుగు చదివేవాళ్లు ఒకరు ఆ కోడ్ దగ్గర ముందే కూర్చుని ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. ఆ కోడ్ మూసిన గదిలోది, మనలాంటివాళ్లు వెళ్లి కూర్చునే వీలు లేదు. తెరిచి పెట్టిన కోడ్ దగ్గరికి మా గోరంట్ల పిల్ల వెళ్లి, ఒక ఖాళీ తీయడం కోసమైనా సరే, కూర్చుంటే నేను దాన్ని తక్కువ చేసి ఎలా మాట్లాడను?

నియమాల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. వరుసకు 80 అక్షరాలు మించరాదని కెర్నెల్లో చాలాకాలం కట్టుబాటు. ఆ 80 ఎక్కడిది? 1928లో ఐబీఎం కంపెనీ తెచ్చిన అట్టకార్డులో 80 నిలువు వరుసలు ఉండేవి. కార్డులు పోయినా వాటి కొలత తెరలకు వచ్చింది, తెరలు పెరిగినా కొలత పోలేదు. 2020 మే నెలలో టోర్వాల్డ్స్ ఇక చాలన్నాడు, చెక్‌ప్యాచ్ హద్దు 100కు జరిగింది. నిన్నటిదాకా తప్పు అయినది ఆ రోజుతో ఒప్పు అయింది. మన అక్షరాలు గుండ్రంగా ఉండటానికి తాటాకు చీలకూడదన్న జాగ్రత్తే కారణమని చెబుతారు. తాటాకు పోయింది, గుండ్రం మిగిలింది, అది ఇప్పుడు మన అందం. కారణం చచ్చిపోయాక కూడా బతికే నియమాన్ని ఏమనాలి? కొత్తగా వచ్చినవాళ్లకు ఆ తేడా తెలియదు. ఏది ఇంకా ప్రాణమున్న నియమం, ఏది ఉత్త అలవాటు అని వాళ్లు అడగరు, భయంతో అన్నిటినీ పాటిస్తారు. అందరూ అలా పాటించడం వల్లే వేలమంది రాసిన కోడ్ ఒకే చేతి రాతలా చదవగలుగుతున్నామన్నదీ నిజమే. దీన్ని నేను తేల్చలేను.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది పేరు సంగతి.

మాది నీళ్లు లేని సీమ, ఊళ్లకు మాత్రం సముద్రమని పేర్లు. మా మండలంలోనే పాలసముద్రం, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం. విజయనగర కాలంలో చెరువు కట్టడం అంటే పేరు నిలుపుకోవడం. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడి చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను ఆ రాయి మీద చెక్కారు. చెరువులకు అది ఒక రాతతీరు పుస్తకం. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ అందులో లేదు. ఆ తర్వాత ఆరున్నర శతాబ్దాలుగా ఆ చెరువుల్లో పూడిక తీసినవాళ్ల పేర్లు నేను చూసిన ఏ రాతి మీదా లేవు. విచిత్రమేమంటే, ఇలాంటి దానశాసనాల చివర తరచుగా ఒక మాట ఉంటుంది. తాను చేసిన దానం కంటే ఇతరులు చేసిన దానాన్ని కాపాడటం రెండింతల పుణ్యమని. పుణ్యం రెండింతలు ఇచ్చారు, పేరు మాత్రం ఇవ్వలేదు.

ఊరి చెరువుకు ఊరే మరమ్మతు చేసుకునే పద్ధతిని కుడిమరమ్మత్తు అనేవారు. ఆ పద్ధతిని తలుచుకుని మురిసిపోయేవాళ్లను చూశాను. నేను పూర్తిగా మురిసిపోలేను. ఇంటికొకరు రావాలన్నప్పుడు ఏ ఇళ్లవాళ్లు గంప మోశారు, ఏ ఇళ్లవాళ్లు కట్ట మీద నిలబడి చేయి చూపారు అని అడిగితే మన ఊళ్ల చరిత్ర తెలిసినవాళ్లెవరూ నోరు మెదపరు. 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి ఆ శ్రమను నిర్బంధం చేసింది. ఇష్టంతో చేసేది ఏనాటి నుంచి బలవంతమైందో, కొందరికి అది ఎప్పుడైనా ఇష్టంతో చేసే పనిగా ఉండిందో లేదో, రాళ్లు చెప్పవు.

గిట్ ఆ రాళ్ల లాంటిది కాదు. 2005లో టోర్వాల్డ్స్ రాసిన ఈ సాధనం, కోడ్‌లో ఏ వరుసను ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో భద్రంగా రాసిపెడుతుంది. డ్రైవర్ మొత్తం రాసిన పెద్ద కంపెనీ ఇంజినీరు పేరూ, ఒక ఖాళీ తీసిన గోరంట్ల పిల్ల పేరూ ఒకే కొలతలో, ఒకే లిపిలో నమోదవుతాయి. పూడిక తీసినవాళ్ల పేరు రాతికెక్కడం మనిషి చరిత్రలో కొత్త సంగతి. దీన్ని న్యాయమనే అంటాను. కానీ దాని వెంటే ఒక చిక్కూ వచ్చింది. ఈ వరుస ఎవరిది అని గిట్‌ను అడిగితే అది చివరగా ముట్టినవాళ్ల పేరు చెబుతుంది. ఖాళీ తీసిన చెయ్యి, ఆ వరుసను ఆలోచించి రాసిన చెయ్యిని కప్పేస్తుంది. పదేళ్ల కింద ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో తెలుసుకోవాలని వెళ్లినవాళ్లకు శుభ్రం చేసినవాళ్లు ఎదురొస్తారు, వాళ్లకేమో ఆ సంగతి తెలియదు. 2019లో గిట్‌కు ఒక వెసులుబాటు చేర్చారు. ఉత్త రాతతీరు మార్పులను ఒక జాబితాలో రాసిపెడితే, వెతికేటప్పుడు వాటిని దాటేసి వెనకున్న అసలు చెయ్యిని చూపుతుంది. పేరు చెరిపేయరు, పక్కకు జరిపి దారి ఇస్తారు. ఇంత మర్యాదైన ఏర్పాటు మన కుటుంబాల్లో, సంస్థల్లో ఉండి ఉంటే ఎన్ని తగాదాలు తప్పేవో.

పేరు కోసమే పంపుతున్నావా అని పాపను ఒకరోజు అడిగేశాను. కటువుగా అడిగాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

"అవును మామా, పేరు కోసం కూడా" అంది. "మా కాలేజీ పేరు చూసి నా కాగితం పక్కన పెట్టేస్తారు. అక్కడ కాలేజీ ఏదని ఎవరూ అడగరు. ఇంకొకటి కూడా ఉండాది. మన పేరు చూస్తే వాళ్లకు ముందే అనుమానం."

ఆ అనుమానానికి కారణం ఉంది. 2020 అక్టోబరులో, నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే ఒక ఏటేటి పండుగలో, వేలకొద్దీ అర్థంలేని మార్పులు ప్రపంచమంతటా ప్రాజెక్టుల మీద వచ్చి పడ్డాయి. ఒక మాట చేర్చడం, ఒక మాట కొట్టేయడం, అంతే. నిర్వాహకులు ఆ నెల మొదటి వారంలోనే నియమాలు మార్చాల్సి వచ్చింది. పంపినవాళ్లలో మన దేశపు విద్యార్థులు చాలామంది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకూ అదే గతి. ఒక పాఠంలో చూపినట్టే చేస్తూ పిల్లలు తమ పేర్లను దాని పరిచయపు పేజీలోనే రాసి పంపారు. వాటిని చదివి, తిప్పి పంపిన మనుషుల్లో చాలామందికి జీతం లేదు, సెలవు లేదు. నీటిచుక్క విలువ తెలిసిన సీమలో పుట్టినవాణ్ని కాబట్టి నాకు ఇది ఇంకోలా కనబడుతుంది. తెరిచి ఉన్న కోడ్‌కు కొరత లేదు, ఎందరు తోడుకున్నా తరగదు. తరిగేది దాన్ని కాచే మనిషి చూపు. ఆ చూపే అక్కడి నీళ్లు. ఊరి బావిలో ఒకేసారి వంద కడవలు దించినట్టయింది ఆ పిల్లల ఉత్సాహం. ఆ పిల్లలను నేను నిందించలేను. పేరు తప్ప వేరే మెట్టు దొరకని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉంటారు వాళ్లలో. అయినా ఆ బావిదగ్గర నిలబడిన మనిషి అలసట కూడా అబద్ధం కాదు.

అలసిన మనిషి ఏమవుతాడో 2024 మార్చిలో చూశాం. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనం ఉంది, ఫైళ్లను కుదించి చిన్నవి చేస్తుంది, ప్రపంచంలోని సర్వర్లలో చాలావాటిలో ఉంటుంది. లాసే కోలిన్ అనే ఒక్కడు దాన్ని ఏళ్ల తరబడి కాస్తూ వచ్చాడు. 2021 అక్టోబరు 29న జియా టాన్ అనే పేరుతో ఒక కొత్తవాడు మొదటి ప్యాచ్ పంపాడు. అది ఏమిటో తెలిశాక నాకు ఒళ్లు జలదరించింది. కోడ్‌లో ఖాళీలూ ట్యాబులూ ఎలా ఉండాలో చెప్పే చిన్న ఫైలు. రాతతీరు ప్యాచ్. ఆ తర్వాత వరసగా మంచి మార్పులు పంపాడు. ఈలోగా వేరే పేర్లతో కొందరు కోలిన్‌ను తొందరపెట్టారు, పని నెమ్మదిగా ఉందని, ఇంకొకరికి అప్పగించమని. 2022లో కోలిన్ తన మానసిక ఆరోగ్యం చాలాకాలంగా బాగాలేదని, ఇది జీతం లేని పని అని గుర్తుపెట్టుకోమని బదులిచ్చాడు. చివరికి ఆ కొత్తవాడికి తాళం చేతికొచ్చింది. రెండేళ్ల ఓపిక తర్వాత లోపల దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన యంత్రంలో లాగిన్ కావడానికి అరసెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకని తవ్వి, మార్చి 29న బయటపెట్టాడు. జియా టాన్ ఎవరో ఇప్పటికీ లోకానికి తెలియదు.

ఇది చదివాక ఏ కొత్త చెయ్యినైనా నమ్మడం ఎలా? పాప పంపిన ప్యాచ్‌కూ ఆ మొదటి ప్యాచ్‌కూ కంటికి తేడా లేదు. రెండూ ఒకటే కదా పాపా అని మా అమ్మే అనాలి. కెర్నెల్లో ప్రతి ప్యాచ్ కింద పంపినవాళ్లు తమ పేరుతో ఒక ఒప్పుకోలు వరుస రాయాలి, ఇది పంపే హక్కు నాకుందని. 2004 నుంచి ఉన్న పద్ధతి. ఆ వరుసలో అబద్ధపు పేరు కూడా నిజపు పేరులాగే ఇముడుతుంది. పెద్ద ద్రోహం చిన్న సేవల వేషంలోనే వచ్చిందంటే, చిన్న సేవలను అనుమానించడమే తెలివి అనేవాళ్లున్నారు. వాళ్లు భయపడే భయం నిజమైనదే. కానీ ఆ కథలో నన్ను కలచివేసేది కోలిన్ నమ్మడం కాదు, ఆయన పక్కన ఇంకెవరూ లేకపోవడం. నిజమైన కొత్తవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆ ఏళ్లలో ఆయన దగ్గర కూర్చుని, మెల్లగా చదివి, ఖాళీలు తీసి, తప్పులు చేసి, నేర్చుకుని ఉంటే, ఆ దొంగచేతికి అంత చోటు ఉండేదా? నా దగ్గర రుజువు లేదు. నమ్మకం ఉంది. కొత్తవాళ్లు తెచ్చే ఖాళీ తీసిన వరుసకంటే, వాళ్లు తర్వాత అక్కడే ఉండిపోతే అదే పెద్ద సంగతి అని.

పాప రెండోసారి పంపింది. ఈసారి ఖాళీలు మాత్రమే. ఆ ఫైలు మొత్తం చదివాక, కంపైల్ చేసి చూశాక పంపింది. ఏం చేశానో కాదు, ఎందుకు చేశానో రాయమన్నారట. నాలుగు వాక్యాల కోసం ఒక పూట కూర్చుంది. చదివేవాళ్ల కన్ను ఆగకుండా సాగడానికని రాసి, అది పొగడ్తలా ఉందని కొట్టేసింది. చివరికి ఏమి రాసిందో నాకు చూపలేదు. పది రోజులకు తీసుకున్నారు. అమ్మకు చెబితే "ఎంత ఇస్తారంట?" అంది. ఏమీ ఇవ్వరని చెబితే కాసేపు ఆలోచించి, "పోనీలే, చేసిన పని చేసినట్టే ఉంటాదిలే" అని లోపలికి వెళ్లింది.

మొన్న మళ్లీ మిద్దె మీద కూర్చున్నాం. ఈసారి ఆమె తెర మీద ఉన్నది ఆమె ప్యాచ్ కాదు. తెలుగులోకి తర్జుమా చేసిన ఒక సాఫ్ట్‌వేర్ ఫైలు, దాన్ని శుభ్రం చేసి ఎవరో కుర్రవాడు పంపిన మార్పు. తెలుగువాడు కాదు. కనబడని అక్షరాలన్నిటినీ వెతికి పట్టుకుని తీసేశాడు. రెండు వందల వరుసలు, ఒక్కటి వదలకుండా. ఎంతో శ్రద్ధగా చేశాడు. అన్నీ తప్పే.

పాప జవాబు మొదలుపెట్టింది. ముందు కృతజ్ఞతలు రాసింది. తర్వాత ఒక వాక్యం రాసి చెరిపేసింది. ఇంకొకటి రాసి చెరిపేసింది. కిందనుంచి అమ్మ రాగిసంకటికి పిలిచింది, ఇద్దరమూ లేవలేదు.

"మామా, నువ్వు తీసినవి ఖాళీలు కావు అని వానికి నొప్పి కలగకుండా ఎట్లా చెప్పాల?"

నాకు తోచలేదు. జరిగి తెర చూడ్డానికి పక్కన కూర్చున్నాను.